కరువులో కంకి వంతు ఎంత?

"కరువును తట్టుకునే మొక్కజొన్న వేస్తే, వానలు బాగా పడ్డ ఏడు దిగుబడి తగ్గిపోదా సార్?" అని సిద్దిపేట వైపు నుంచి ఒక పాఠకుడు అడిగారు. ఈ అనుమానం చాలామందికి ఉంది. ఎక్కువ పండే రకం వేరు, ఎండకు నిలిచే రకం వేరు, ఈ రెండు గుణాలూ ఒకే విత్తనంలో ఇమడవు అన్న అభిప్రాయం రైతుల్లోనే కాదు, వ్యవసాయం చదువుకున్నవాళ్లలో కూడా గట్టిగానే ఉంది. మొండిగా బతికే మొక్క గింజ తక్కువ ఇవ్వడం మనం చాలా పంటల్లో చూసిందే కాబట్టి అలా అనుకోవడం సహజం. కానీ మొక్కజొన్నలో గత యాభై ఏళ్ల పరిశోధన చెప్పింది వేరు. అక్కడ ఈ రెండూ చాలావరకు ఒకే గుణానికి రెండు ముఖాలు. ఆ గుణం ఏమిటో తెలిసిన రోజు నుంచి మొక్కజొన్న చేను పక్కనుంచి పోతూ ఆగకుండా ఉండలేకపోతున్నాను.

ఈ పంట ఎక్కడ పుట్టింది, మన దాకా ఎలా వచ్చింది అన్నవన్నీ వదిలేసి నేరుగా పూత దగ్గరికి వస్తాను. సంగతంతా అక్కడే ఉంది.

మొక్క తలమీద మగపూత, నడుము దగ్గర ఆకు మొదట్లో కంకి. కంకి కొస నుంచి వేలాడే పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజది. ఏడెనిమిది వందల గింజలు పట్టాల్సిన కంకిలో అన్ని పోగులూ ఉంటాయి. ప్రతి పోగూ పొరల్లోంచి పాక్కుంటూ బయటికి రావాలి. దానిమీద పుప్పొడి రేణువు ఒకటి పడాలి. ఆ రేణువు నుంచి సన్నటి గొట్టం మొలిచి, పోగు లోపల్లోపలే దిగి, దాదాపు ఒక రోజు ప్రయాణం చేసి అడుగునున్న అండాన్ని చేరాలి. పని పూర్తయిన పోగు కొద్ది రోజుల్లో గింజ నుంచి దానంతటదే ఊడిపోతుంది. పీచు వచ్చిన వారం రోజులకు ఒక కంకి తెంపి, పొరలు జాగ్రత్తగా విప్పి, కొస కిందికి పట్టుకుని మెల్లగా విదిలించి చూడండి. రాలిపోయిన పోగులు గింజ కట్టినవాటివి. ఇంకా అంటుకుని ఉన్నవి పుప్పొడి అందనివి. ఎంత గింజ రాబోతోందో కోతకు నెలన్నర ముందే చేతిలో కనిపిస్తుంది. బడిలో పరాగ సంపర్కం పాఠం బొమ్మ గీయించి, బట్టీ పట్టించి ముగించే బదులు పిల్లల చేత ఒక్కసారి ఇది చేయిస్తే వాళ్లు జన్మలో మరిచిపోరు.

పీచు పొడవు పెరగడం అంటే దాని కణాలు నీళ్లు తాగి సాగడమే. నీళ్లు సరిపడా ఉంటే పోగులు రోజుకు రెండు మూడు సెంటీమీటర్లు సాగుతాయి. కంకి అడుగు వైపు పోగులు ముందు బయటపడతాయి, కొస వైపువి కొన్ని రోజులు ఆలస్యంగా వస్తాయి. మగపూతకు ఈ ఇబ్బంది లేదు. అది అప్పటికే తయారై ఉంటుంది. వాన ఉన్నా లేకపోయినా దాదాపు తన తేదీకే పుప్పొడి రాల్చడం మొదలుపెట్టి, వారం రోజుల్లో ముగించేస్తుంది. రాలిన రేణువు బతికేది గంటా రెండు గంటలు, మండే ఎండలో అయితే నిమిషాలే. కాబట్టి నేలలో తేమ లేనప్పుడు మగపూత వేళకు వస్తుంది, పీచు రాదు. మామూలుగా ఈ రెండింటికీ మధ్య తేడా ఒకటి రెండు రోజులు. బెట్ట గట్టిగా ఉంటే వారం దాటుతుంది. అప్పుడు చేనంతా పచ్చగా, ఎత్తుగా నిలబడి ఉంటుంది, కంకి విప్పితే పట్టుమని పది గింజలుండవు.

చివరి ఆయకట్టు రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాలువలో నీళ్లు నిండుగా ఉన్నంతకాలం ఎగువ, దిగువ అన్న తేడా తెలియదు. నీళ్లు తగ్గిన ఏడాది ఎగువ పొలాలు యథాప్రకారం తడుస్తాయి, లోటు మొత్తం చివరి పొలాల మీద పడుతుంది. మొక్కజొన్నలో మగపూతది ఎగువ పొలం. అది కాండం కొసన ముందుగా తయారవుతుంది, తన వాటా ముందే తీసుకుంటుంది. కంకి ఆకు మొదట్లోంచి వచ్చే పక్క మొగ్గ, దానిది చివరి ఆయకట్టు. ఆ కంకిలోనూ కొస గింజలది చిట్టచివరి మడి. కంకి కొసన బోడిగా మిగిలే ఆ రెండంగుళాలు నీళ్లందని చివరి మడులే.

బోడి కంకులు చూసి చేనుకు దిష్టి తగిలిందని గుమ్మడికాయ కొట్టినవాళ్లున్నారు. ఇంకొందరు నకిలీ విత్తనం అంటారు. నకిలీ విత్తనాల మోసం నిజంగానే ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ముందు తేదీలు లెక్క వేసుకోవాలి. జూన్ చివర్లో విత్తిన పంట సుమారు యాభై అయిదు రోజులకు పూతకొస్తుంది. అంటే ఆగస్టు రెండో సగం, ఆశ్లేష కార్తె పోయి మఖ వచ్చే వేళ. "మఖా పంచకం సదా వంచకం" అని పెద్దలు ఆ కార్తెల వాన నమ్మదగింది కాదన్నారు. సరిగ్గా ఆ పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే, ముందు పడ్డదీ తర్వాత పడ్డదీ ఎంత బాగున్నా గింజ రాదు. పంటకుంటలో ఒక్క తడికి సరిపడా నీళ్లే ఉంటే వాటిని పూత దాకా దాచుకోమని శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే.

ఇక విత్తనాన్ని ఎలా మార్చారన్న విషయానికి వస్తాను. మెక్సికోలోని సిమిట్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ 1970ల్లో టుస్పేన్యో అనే ఉష్ణమండల మొక్కజొన్న మీద ఈ పని మొదలుపెట్టింది. కరువు కోసం వానాకాలంలో ఎదురుచూస్తే అది చెప్పినట్టు రాదు కదా. అందుకని వాళ్లు త్లాల్టిసపాన్ కేంద్రంలో చలికాలంలో, చినుకు పడని రోజుల్లో పంట వేశారు. మొదట తడులిచ్చి, పూతకు ముందు నీళ్లు ఆపేశారు. అలా కరువును తమ చేతుల్లో పెట్టుకున్నారు. రోజూ సాలు వెంట నడిచి ఏ వరుసలో పుప్పొడి ఎప్పుడు రాలింది, పీచు ఎప్పుడు కనిపించింది అని రాసుకున్నారు. దీనికి యంత్రం అక్కర్లేదు, కళ్లూ నోటుబుక్కూ చాలు. బెట్టలో కూడా ఈ రెండు తేదీల మధ్య ఎడం తక్కువున్న కుటుంబాలను, నీళ్లున్నప్పుడూ లేనప్పుడూ గింజ బాగా పట్టినవాటిని ఏరి, వాటిలో వాటికి సంపర్కం చేసి, మళ్లీ విత్తారు. ఇలా ఎనిమిది ఆవృత్తాలు.

దిగుబడిని చూసి ఏరవచ్చు కదా, తేదీల గొడవ ఎందుకు అనిపిస్తుంది. గట్టి కరువులో దిగుబడి అంకెలు నమ్మదగినవి కావు. నేల లోతులో, తేమలో అడుగడుగునా ఉండే తేడాలే మొక్కల మధ్య తేడాలను మింగేస్తాయి. పీచు ఆలస్యం మాత్రం అప్పుడు కూడా వంశపారంపర్యంగా నిలకడగా కనిపిస్తుంది. అందుకే దాన్ని పట్టుకున్నారు.

ఆ సంస్థ శాస్త్రవేత్తలు బొలాన్యోస్, ఎడ్మీడ్స్ 1993లో ప్రకటించిన ఫలితాలను నేను ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యం తగ్గదు. ఒక్కో ఆవృత్తానికి హెక్టారుకు సుమారు వంద కిలోల చొప్పున దిగుబడి పెరిగింది. కరువు మడుల్లో పెరిగింది, నీళ్లు పుష్కలంగా పెట్టిన మడుల్లోనూ పెరిగింది. పాఠకుడి ప్రశ్నకు సూటి జవాబు ఇదే. మరి ఈ మొక్కలు ఎక్కువ లోతుకు వేళ్లు దించి ఎక్కువ నీళ్లు తోడుకున్నాయా అంటే అదీ లేదు. పైన ఉన్న అర మీటరు నేలలో వేళ్ల బరువు సుమారు మూడో వంతు మేర తగ్గింది. ఆకుల్లో నీటి స్థితి పాత మొక్కలదీ వీటిదీ ఒకటే. మగపూత చిన్నదైంది. కంకిలో పిందెల సంఖ్య కాస్త తగ్గింది, కానీ పూత వేళకు కంకి బరువు పెరిగింది. కాలువలో వచ్చే నీళ్లు అంతే ఉన్నాయి, తూములు మార్చారు. ఎగువ వాటాలో కోత పెట్టి చివరి ఆయకట్టుకు ఇచ్చారు.

అలాంటి మొక్కకు వాన బాగా పడ్డ ఏడాది నష్టమెందుకు ఉంటుంది?

దీనికి రెండో సాక్ష్యం అమెరికాలోని అయోవా నుంచి వచ్చింది. అక్కడ 1930ల్లో హెక్టారుకు టన్నున్నర, రెండు టన్నులు పండిన నేలలో ఇప్పుడు పది టన్నులకు పైగా పండుతోంది. ఎరువులకూ, కలుపు మందులకూ అందులో వాటా ఉంది, సుమారు సగం విత్తనానిది. డొనాల్డ్ డూవిక్ అనే ప్రజనన శాస్త్రవేత్త, అంటే మొక్కలను సంకరం చేసి కొత్త రకాలు తయారుచేసే ఆయన, ఒక్కో దశాబ్దపు హైబ్రిడ్‌లను పక్కపక్కన నాటించి చూశాడు. మొక్కలను దూరదూరంగా, హెక్టారుకు పదివేలు నాటితే తాత హైబ్రిడ్, మనవడి హైబ్రిడ్ మొక్కకు దాదాపు ఒకే దిగుబడి ఇచ్చాయి. డెబ్బై తొమ్మిది వేలు కిక్కిరిసేలా నాటితే పాతవాటిలో ఎన్నో మొక్కలు కంకే వేయలేదు, కొత్తవి వేశాయి. అంటే డెబ్బై ఏళ్ల ప్రజననం మొక్కను ఒంటరిగా బలవంతుడిని చేయలేదు, ఇరుకులో కూడా కంకిని వదలకుండా సాకడం నేర్పింది. ఆ హైబ్రిడ్‌లలోనూ మగపూత చిన్నదైంది, పీచు ఆలస్యం తగ్గింది. ఎండ కోసం పోటీ అయినా, నీళ్లకు కటకట అయినా మొక్కకు లోటు లోటే. చివరి ఆయకట్టును కాపాడే గుణం రెండు చోట్లా ఒక్కటే.

ఇంతకీ కంకికి అందనిది నీళ్లా, తిండా? దీనిమీద శాస్త్రవేత్తల మధ్య పెద్ద వాదమే నడిచింది. జాన్ బోయర్ బృందం 1991లో ఒక అద్భుతమైన ప్రయోగం చేసింది. పూత వేళ నీళ్లు ఆపేసిన మొక్కల కాండంలోకి చక్కెర, ఇతర పోషకాలు కలిపిన ద్రవాన్ని సన్నగా ఎక్కించారు. ఆ కాస్త ద్రవంతో మొక్క దాహం తీరదు, ఆకులు వాడే ఉన్నాయి. అయినా గింజలు చాలావరకు పట్టాయి. పిందె అడుగున ఇన్వర్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఆకు నుంచి వచ్చే సుక్రోజును అది గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టి లోపలికి అందిస్తుంది. కిరణజన్య సంయోగక్రియ ఆగి సుక్రోజు రాకపోతే ఆ ఎంజైము తయారీ తగ్గుతుంది, పిందె తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని తినేసి చివరికి ఎండిపోతుంది. అయితే ఫ్రాన్స్‌లోని మాంపెలియే పరిశోధకులు 2016లో మరో సంగతి చూపించారు. ఓ మోస్తరు బెట్టలో చక్కెరకు కొరత రాకముందే పీచు సాగడం ఆగిపోతోంది. మొదటి పోగులు బయటపడ్డ రెండు మూడు రోజులకు అన్ని పోగులూ ఒకేసారి ఆగుతాయి, అప్పటికి పొరల్లో చిక్కుకున్న పోగుల తాలూకు పిందెలు గింజ కట్టకుండానే ఎండిపోతాయి. నాకు ఈ రెండూ నిజమనే అనిపిస్తుంది. కొద్ది కరువులో నీళ్ల కొరత ముందు దెబ్బతీస్తుంది, గట్టి కరువులో ఆకలి.

ఈ అవగాహనతో నేరుగా జన్యువుల జోలికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఒక కంపెనీ శాస్త్రవేత్తలు ఆర్గోస్8 అనే జన్యువు పనిచేసే మోతాదును, జన్యువులను కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతితో పెంచి, పూత వేళ బెట్టలో ఎకరానికి అయిదు బుషెళ్లు, అంటే నూట పాతిక కిలోల పైచిలుకు ఎక్కువ పండినట్టు 2017లో ప్రకటించారు. కష్టకాలంలో మొక్క ఎదుగుదలను అణిచే ఇథిలీన్ హార్మోను ప్రభావాన్ని ఈ జన్యువు తగ్గిస్తుంది. పనికొచ్చే మెట్టే, కానీ నోటుబుక్కుతో సాధించిన దానికంటే పెద్దదేం కాదు.

మన దగ్గర కరువు ఒంటరిగా రాదు, వేడిని వెంటబెట్టుకొస్తుంది. ఇక్కడే చిక్కు పడింది. బెట్టను తట్టుకునే రకం వేడిని తట్టుకోవాలని లేదు, విడివిడిగా రెండింటినీ తట్టుకున్నది రెండూ కలిసి వచ్చినప్పుడు నిలుస్తుందనీ లేదు. వీటి వెనకున్న జన్యువులు చాలావరకు వేరువేరు. అందుకే సిమిట్ ఆసియా విభాగం హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రాంగణంలో ఈ పరీక్షలు చేస్తోంది. పూత మండువేసవిలో పడేలా విత్తి, ఏవి పీచు వేస్తాయో ఏవి చేతులెత్తేస్తాయో చూస్తారు. 1961లో విడుదలైన దక్కన్ హైబ్రిడ్ నుంచి రాజేంద్రనగర్ డీహెచ్‌ఎమ్ హైబ్రిడ్ రకాల దాకా హైదరాబాద్‌కు మొక్కజొన్న విషయంలో మంచి పేరే ఉంది.

విత్తన సంచి మీద పంటకాలం ఎన్ని రోజులో ఉంటుంది, ప్రకటనలో ఎకరానికి ఎన్ని క్వింటాళ్లో ఉంటుంది. ఆ క్వింటాళ్లు నీళ్లు పెట్టిన మడివా, బెట్టలో ఉంచిన మడివా అన్నది ఉండదు. ప్రయోగ క్షేత్రాల్లో పుప్పొడి తేదీ, పీచు తేదీ ఎలాగూ రాసుకుంటారు. వాటి మధ్య ఎడం బెట్టలో ఎన్ని రోజులో ఆ సంచి మీదే ఒక్క అంకెలో అచ్చు వేస్తే, బోరు లేని రైతు ఆ అంకె చూసే విత్తనం కొనుక్కుంటాడు.