ఆ ఉత్తరంలో లెక్కకు రాని రోగి

1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. రాసినవాళ్లు బోస్టన్‌కు చెందిన జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్. ఆసుపత్రిలో నల్లమందు జాతి మందులు (ఓపియాయిడ్లు) ఒక్కసారైనా పడిన 11,882 మందిలో వ్యసనం పట్టుకున్నది నలుగురికేనని అందులో ఉంది. 2017 నాటికి దాన్ని 600 సార్లకు పైగా ఉదహరించారు. నొప్పికి వాడితే అలవాటు పడరన్నదానికి అదే రుజువుగా చెలామణీ అయింది. ఆ నలుగురి లెక్క అంతకుముందు ఏ వ్యసనమూ లేనివాళ్లదని ఉత్తరంలోనే రాసి ఉంది. అంటే మత్తు మానేసి నిలదొక్కుకుంటున్న మనిషి ఆ లెక్కలో లేడు. అలాంటి మనిషికి ఆపరేషన్ జరిగితే నొప్పి ఎలా తగ్గించాలన్నదే ఇక్కడి ప్రశ్న. పైగా అవి ఆసుపత్రిలో ఇచ్చిన మోతాదులు, ఇంటికిచ్చి పంపిన స్ట్రిప్పులు కావు.

అంతకుముందు నడిచింది భయం. అమెరికాలో మత్తుమందులను అదుపు చేసే 1914 నాటి హారిసన్ చట్టం, వ్యసనపరుడికి అలవాటు కోసం మోతాదు రాయడం వైద్యం కాదన్న 1919 సుప్రీంకోర్టు తీర్పు డాక్టర్ల చేతులు కట్టేశాయి. 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానేవాళ్ల సంఘం), సభ్యులు డాక్టరు పని చేయొద్దనే చెబుతుంది. అయినా మాత్ర వేసుకుంటే మానినట్టే కాదన్న మాట కొన్ని మీటింగుల్లో వినబడుతూనే వచ్చింది. పళ్లబిగువున భరించిన నొప్పి నిద్ర చెడగొడుతుంది, మళ్లీ జారేందుకు అదే దారి తీయొచ్చు.

1996లో ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ మాత్ర అమ్మకాలు మొదలయ్యాక గాలి ధారాళంగా రాయడం వైపు మళ్లింది. వ్యసన ముప్పును తక్కువ చేసి చూపినట్టు 2007లో దాన్ని అమ్మిన పర్డ్యూ ఫ్రెడరిక్ సంస్థ కోర్టులో ఒప్పుకుంది. 2016లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఇచ్చిన మార్గదర్శకాలతో గాలి మళ్లీ జాగ్రత్త వైపు తిరిగింది.

ఈ ఊగిసలాట కంటే ఎక్కువ దెబ్బ తీసింది బ్యూప్రెనార్ఫిన్ విషయంలో జరిగిన పొరపాటు. నాలుక కింద పెట్టుకునే ఈ మందుకు అమెరికాలో వ్యసన చికిత్స కోసం 2002లో అనుమతి దొరికింది. ఇది ఒంట్లో ఓపియాయిడ్లు అంటుకునే గ్రాహకాలను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి పైనుంచి ఇచ్చే మార్ఫిన్ పనిచేయదేమోనని, ఆపరేషన్‌కు మూడు రోజుల ముందే ఆపించేవారు. దాంతో ఒళ్లు నొప్పులు, వాంతులు, మందు కోసం తహతహ. ఆపొద్దని అమెరికన్ సొసైటీ ఆఫ్ అడిక్షన్ మెడిసిన్ 2020లో స్పష్టం చేసింది. తహతహను అణచే శక్తి దీనికి రోజంతా ఉంటుంది, నొప్పి తగ్గించేది మాత్రం 6–8 గంటలే. అందుకని రోజుకొక్కసారి వేసే మోతాదునే విడగొట్టి 6–8 గంటలకోసారి ఇస్తారు. వ్యసన చికిత్సకే వాడే మరో ఓపియాయిడ్ మెథడోన్‌కూ ఇదే లెక్క. రోజూ వేసుకుంటున్నాడుగా, నొప్పికి సరిపోతుందిలే అనుకోవడమే అన్నిటికన్నా పాత తప్పు.

ఓపియాయిడ్లను అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్‌ది పూర్తిగా ఎదురు వ్యవహారం. మన దగ్గర తాగుడు మానడానికి రోజుకు 50 మిల్లీగ్రాముల మాత్రగా ఇస్తారు. మద్యానికే కదా అని ఆపరేషన్ డాక్టరుకు చెప్పరు. అది ఒంట్లో ఉంటే ఫెంటానిల్, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్లు సరిగా పట్టవు. మాత్ర అయితే 72 గంటల ముందు, నెలకోసారి వేసే ఇంజెక్షన్ అయితే నాలుగు వారాల ముందు ఆపాలి. ఆ మాట డాక్టరే చెప్పాలి. ఆపాక ఒళ్లు ఓపియాయిడ్లకు ఎక్కువగా స్పందించొచ్చు, పాత మోతాదే ఊపిరి ఆపేయగలదు.

మన దేశంలో ట్రమడాల్ 2018 ఏప్రిల్ నుంచి మత్తుమందులను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందకు వచ్చింది. అయినా డిశ్చార్జి చీటీలో తరచూ కనిపించేది అదే, అదీ పారాసెటమాల్‌తో కలిపిన అల్ట్రాసెట్ వంటి మాత్రగా: ట్రమడాల్ 37.5, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు. దానితోపాటు డోలో 650 వేస్తే పూటకు 975, నాలుగు పూటలకు 3.9 గ్రాములు. తాగుడుతో దెబ్బతిన్న కాలేయానికి డాక్టర్లు సాధారణంగా 2 గ్రాములు దాటనివ్వరు. ట్రమడాల్ మూర్ఛలూ తెప్పించగలదు, తాగుడు ఈమధ్యే మానినవాళ్లలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

కాబట్టి ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరుకు ముందే అన్నీ చెప్పాలి. నరం దగ్గర మత్తు సూది వేయడం వీలవుతుందా అని అడగాలి. నొప్పి లేచాక కాకుండా, ఓపియాయిడ్ కాని మందులు గడియారం చూసి వేసుకోవాలి. ఓపియాయిడ్ తప్పదంటే రెండు మూడు రోజులకు సరిపడానే రాయించుకుని, స్ట్రిప్పు ఇంట్లో మరొకరి దగ్గర ఉంచాలి. వాళ్లు ఒక్కో పూటది మాత్రమే చేతికిచ్చి, ఎన్ని మిగిలాయో రాసిపెట్టాలి. నాల్‌ట్రెక్సోన్ మళ్లీ మొదలుపెట్టాలంటే చివరి ట్రమడాల్ మాత్ర తర్వాత 7–10 రోజుల ఎడం కావాలి. ఆ తేదీని డిశ్చార్జి రోజునే చీటీ మీద వేయించుకోవాలి.