బీట్‌రూట్‌తో పెరగని రక్తం: డయాలసిస్ ఇంజక్షన్ వెనుక కథ

బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్లకు, కిడ్నీ జబ్బులతో వార్తల్లోకెక్కిన శ్రీకాకుళం ప్రాంతం ఉద్దానం దూరపు సంగతి కాదు. 1936లో ఒడిశా ఏర్పడి మధ్యలోకి సరిహద్దు వచ్చినా చుట్టరికాలు తెగలేదు. కవిటిలోనో సోంపేటలోనో అయినవాళ్లు డయాలసిస్‌కి వెళ్తుంటే, ఇక్కడ వినిపించే మాట ఒకటే: ‘ఎంత తిన్నా రక్తం పట్టడం లేదు.’ ఆ వెంటనే బీట్‌రూట్ రసం, ఖర్జూరం సలహాలు. రెండింట్లోనూ పొటాషియం ఎక్కువ. కిడ్నీ రోగికి అది మేలు కన్నా కీడే చేస్తుంది.

అసలు చిక్కు తిండి దగ్గర కాదు, కణాల చావుబతుకుల దగ్గర ఉంది. ఎముక మూలుగలో ఎర్రకణాలుగా మారాల్సిన కణాలు అవసరానికి మించి పుడుతుంటాయి. ఒక దశకు వచ్చాక బయటి నుంచి బతుకు సంకేతం అందకపోతే తమంతట తామే చచ్చిపోతాయి. ఆ సంకేతం పేరు ఎరిత్రోపోయిటిన్. పెద్దవాళ్లలో దాన్ని తయారుచేసేది ప్రధానంగా కిడ్నీలే.

ఈ సంగతి తేలడానికి ఎనభై ఏళ్లకు పైనే పట్టింది. 1906లో పారిస్‌లో కార్నో, దెఫ్లాండ్ర్ అనే ఇద్దరు, రక్తం తీసిన కుందేళ్ల సీరమ్‌ని (గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే ద్రవాన్ని) వేరే కుందేళ్లకు ఎక్కించి, వాటిలో ఎర్రకణాలు పెరిగాయని చెప్పారు. 1957లో షికాగోలో జాకబ్సన్ బృందం ఎలుకల కిడ్నీలు తీసేసి, ఈ హార్మోన్ అక్కడి నుంచే వస్తోందని చూపింది. తర్వాతిది ఓపిక పని. జపాన్‌లో రక్తహీనత రోగుల మూత్రం 2,550 లీటర్లు పోగుచేస్తే, 1977లో గోల్డ్‌వాసర్ బృందం చేతికొచ్చింది కొన్ని మిల్లీగ్రాముల హార్మోన్. ఆ హార్మోన్ జన్యువు దొరికాక మందు తయారైంది; డయాలసిస్ రోగులకిచ్చే ఇంజక్షన్ ఇదే. 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది.

చిత్రమేమిటంటే, అది కణాన్ని ఎలా కాపాడుతుందో అప్పటికింకా తేలలేదు. జవాబుకు దారి వేరే చోట పడింది. కణాలు ఒక పద్ధతిగా చనిపోతాయని 1972లో కెర్, వైలీ, కరీ రాశారు. 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, ఆయన సహచరులు, బీసీఎల్-2 అనే క్యాన్సర్ జన్యువు కణాలను విభజించదని, చావకుండా ఆపుతుందని కనుగొన్నారు. 1990లో కౌరీ, బాండురాంట్ హార్మోన్ కథనూ కణాల చావు కథనూ కలిపారు: ఎరిత్రోపోయిటిన్ చేసే ముఖ్యమైన పని చావును అడ్డుకోవడమే. ఆ హార్మోన్ తగిలితే కణంలో బీసీఎల్-2కి చుట్టమైన బీసీఎల్-ఎక్స్‌ఎల్ అనే ప్రోటీన్ పెరిగి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు కాపలా కాస్తుందని తర్వాత తెలిసింది. అక్కడి నుంచి సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటికి రాకపోతే కణాన్ని కోసేసే కాస్పేజ్ ఎంజైములు మేల్కోవు.

ఇన్ని కణాలను పుట్టించి చంపుకోవడం దండగ అనిపిస్తుంది. నాకైతే గొప్ప ఏర్పాటే. గాయమై రక్తం పోతే కొత్త కణాల కోసం మొదటి నుంచీ ఆగక్కర్లేదు. హార్మోన్ పెరుగుతుంది, చావాల్సినవి బతికి ఎర్రకణాలవుతాయి. కిడ్నీ చెడితే ఆ హార్మోనే తగ్గిపోతుంది.

‘హిమోగ్లోబిన్ 11కి రాగానే ఇంజక్షన్ తగ్గించారేం?’ అని చాలామంది అడుగుతారు. 2006లో వెలువడ్డ ఒక పెద్ద పరిశీలనలో 13.5కి పెంచాలని చూసిన కిడ్నీ రోగుల్లో మరణాలు, గుండె సమస్యలు ఎక్కువయ్యాయి. అందుకే ఆ జాగ్రత్త. ఇంజక్షన్ కణాలను బతికిస్తుందే గానీ వాటిలో నింపడానికి ఇనుము ఇవ్వదు; ఐరన్ విడిగా ఎక్కించేది అందుకే.