ఉల్లికోడు పేరు వెనుక ఉన్న పాత నమూనాలు

కె.సి. కాలువ కింద వరి వేసే కర్నూలు రైతు, పిలక కంకి వేయకుండా ఉల్లికాడలా గొట్టమై తెల్లగా మెరిసిందంటే ఉల్లికోడు తగిలిందంటాడు. ఆ పేరుకు మొక్కే సాక్ష్యం. శాస్త్రీయ నామానికి సాక్ష్యం మాత్రం పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకొని భద్రపరచిన కీటకమే. దానినే టైపు నమూనా అంటారు.

ఉల్లికోడుకు కారణమైన ఈగకు 1889లో కలకత్తా ఇండియన్ మ్యూజియానికి చెందిన వుడ్-మేసన్, బీహారులోని ముంగేరు నమూనాలను చూసి, సెసిడోమియా ఒరైజే అని పేరు పెట్టాడు. తరువాత అది పాకీడిప్లోసిస్ ప్రజాతికి (దగ్గరి జాతుల సమూహానికి), అక్కడి నుంచి ఆర్సియోలియాకు మారింది. ఈ ఆర్సియోలియా 1902లో గరికను ఆశించే ఈగ ఆధారంగా ఏర్పడిన ప్రజాతి. వరి పురుగు ఇంటిపేరు గట్టు మీది గరిక నుంచి వచ్చిందన్నమాట.

ప్రజాతి మారితే రైతుకు నష్టమేమీ లేదు. రెండు జాతులు ఒకే పేరు కింద ఉండిపోతేనే చిక్కు. ఆఫ్రికా వరిలోని ఈగను కూడా చాలాకాలం ఒరైజేగానే లెక్కించారు. 1982లో కీటక శాస్త్రవేత్తలు హారిస్, గాన్యే నమూనాలను పోల్చి చూసి, అది వేరని తేల్చి ఒరైజివోరా అన్నారు. ఆసియా ఈగను తట్టుకున్న వరి రకాలు అనేకం అక్కడ ఎందుకు లొంగిపోయాయో దీనితో కొంత అర్థమయింది. 1985లో గాన్యే ఆసియా ఈగను, దాని దగ్గరి బంధువులను కూడా సమీక్షించాడు.

ఇటువంటి పరిశీలన చెప్పినంత తేలిక కాదు. దోమంత కూడా ఉండని ఈ ఈగలు ఎండితే మీసాలు, కాళ్లు విరిగిపోతాయి; గాజు పలకపై కెనడా బాల్సమ్ అనే చెట్టు జిగురులో అతికించినవి ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి మసకబారుతాయి. జాతిని పట్టించే మగ ఈగ జననాంగాలు, ప్యూపా తలపై కొమ్ములు పాత వర్ణనలలో తరచుగా ఉండవు. ఏ మొక్కపై ఎటువంటి బుడిపె కట్టిందన్నదే ఆనాడు చాలామందికి చాలినంత ఆధారం. నిజానికి అసలు చిక్కుకు మూలం ఈ అలవాటే. ఇటువంటి ఈగలకు వందలాది పేర్లు పెట్టిన ఫ్రెంచి మతాచార్యుడు కీఫర్ నమూనాలు చాలావరకు దొరకడం లేదు.

డీఎన్‌ఏ రెండు ఈగలు వేరని చెప్పగలదు గాని, పాత పేరు వాటిలో దేనిదో టైపు నమూనాయే చెప్పాలి. అది పోతే కొత్తది నియమించవచ్చు. అయితే అది సాధ్యమైనంతవరకు మొదటి చోటికి దగ్గరగా, అదే మొక్కపై దొరకాలన్నది నియమం. ఉల్లికోడుకే ఆ అవసరం పడితే, కర్నూలు మడిలో ఎంత చక్కని ఈగ దొరికినా ముందుగా వెదకవలసింది ముంగేరు వరిలోనే.