తాళం వేసిన రోజుల జీతం ఎవరివ్వాలి?

2020 మార్చి 25 శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. విజయవాడలో శుభలేఖలు అచ్చువేసే చిన్న ప్రెస్సు ఒకటి ఉందనుకుందాం. డిజైన్ చేసే అమ్మాయి, మిషను నడిపే మనిషి, కటింగ్ చూసే ఇద్దరు, డెలివరీ కుర్రాడు, లెక్కలు రాసే పెద్దాయన. మొత్తం ఆరుగురు. ఉగాది దాటాక వచ్చే చైత్ర, వైశాఖ ముహూర్తాలే వాళ్లకు ఏడాది సంపాదన. ఆ సంవత్సరం ముహూర్తాలు వాయిదా పడ్డాయి. షట్టరు దించేశారు, అద్దె ఆగలేదు. ఏప్రిల్ ఒకటో తేదీన ఆ ఆరుగురి జీతం ఎవరివ్వాలి?

ఈ ప్రశ్నకు మన చట్టాల్లో సూటి జవాబు లేదు. అది లేకపోవడానికి నూట ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది.

1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని హడావుడిగా తెచ్చింది. నాలుగే సెక్షన్లు, ఒక కాగితంలో సరిపోయేంత చట్టం. వ్యాధిని అరికట్టడానికి ప్రభుత్వం ఏ నిబంధన అయినా పెట్టవచ్చునంటుంది. అందులోనే ఎవరూ పెద్దగా పట్టించుకోని మాట ఒకటుంది: ఈ పనులకు అయ్యే ఖర్చును, పరిహారం ఉంటే దానితో సహా, ఎవరు ఏ విధంగా భరించాలో ప్రభుత్వమే నిర్ణయించవచ్చు. ఖర్చు ఎవరిదన్న ప్రశ్న ఆనాడే తలెత్తిందన్నమాట. జవాబును మాత్రం ఆ రోజు కుర్చీలో ఉన్న అధికారికి వదిలేశారు. 2020 మార్చిలో రాష్ట్రాలు బయటికి తీసింది ఈ చట్టాన్నే.

ఇరవై ఏళ్ల తర్వాత అహ్మదాబాద్‌లో ఇదే ప్రశ్న తలకిందులుగా ఎదురైంది. 1917లో ప్లేగు సోకగానే మిల్లు కార్మికులు ఊరు వదిలి పోసాగారు. మగ్గాలు ఆగకూడదని యజమానులు వాళ్లకు ‘ప్లేగు బోనస్’ ఇచ్చారు. నేతపనివాళ్లకు అది జీతంలో 70 శాతం పైమాటే. ప్లేగు తగ్గాక, 1918 ఆరంభంలో, బోనస్ తీసేస్తామన్నారు. యుద్ధకాలపు ధరలు మాత్రం తగ్గలేదు. కార్మికులు 50 శాతం పెంపు అడిగారు, యజమానులు 20 దగ్గర ఆగారు, గాంధీ 35 న్యాయమన్నారు. యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయ్, కార్మికుల పక్షాన ఆయన అక్క అనసూయ నిలబడ్డారు. మార్చి 15న గాంధీ నిరాహార దీక్షకు కూర్చున్నారు, మూడు రోజుల్లో ఒప్పందం కుదిరింది. మధ్యవర్తి చివరికి ఖాయం చేసింది కూడా 35 శాతమే. వ్యాధి భయంలో పనిచేసినందుకు కట్టిన ధర, భయం పోగానే పోవాలా అన్నది అక్కడి తగువు. అది మధ్యవర్తిత్వం దగ్గర తేలింది. ఆ పోరాటం నుంచే 1920లో మజూర్ మహాజన్ సంఘం పుట్టింది. మనిషి పనికి వస్తే ఎంత ఇవ్వాలన్నది అక్కడి ప్రశ్న. పనికి రావద్దని ప్రభుత్వమే చెబితే ఏం చేయాలన్నది అప్పటికి ఎవరూ ఊహించలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే పారిశ్రామిక వివాదాల చట్టం వచ్చింది. గుడ్డల మిల్లుల్లో సరుకు పేరుకుపోయి పని ఆగిన రోజుల్లో, 1953లో, ‘లే-ఆఫ్’ పరిహారాన్ని దానికి చేర్చారు. పని ఇవ్వలేని రోజులకు మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం. ఏది లే-ఆఫ్ అన్న నిర్వచనంలోకి 1984లో అమల్లోకి వచ్చిన సవరణ ‘ప్రకృతి విపత్తు’ అనే మాట తెచ్చింది. పైకి చూస్తే మహమ్మారికి సరిపోయే ఏర్పాటే.

లోపలికి వెళ్లి చదివితే మన ప్రెస్సులోని ఆరుగురూ ఒక్కొక్కరుగా బయటికి వచ్చేస్తారు. ఈ పరిహారం యాభై మందికి తక్కువగా పనిచేసే చోట వర్తించదు. పెద్ద ఫ్యాక్టరీలోనైనా, ఏడాది నిరంతరాయ సర్వీసు ఉండి, మస్టరు రోలులో పేరున్నవారికే అది దక్కుతుంది. ఒకరి బదులు పనిచేసే ‘బద్లీ’ కార్మికులకు, రోజుకూలీలకు ఏమీ రాదు. వీటన్నింటినీ మించినది 25ఇ సెక్షన్. లే-ఆఫ్‌లో ఉన్న కార్మికుడు పని వేళల్లో, నిర్ణీత సమయానికి, రోజుకు ఒక్కసారైనా పనిచోటుకు వచ్చి హాజరు కావాలి. లేకపోతే పరిహారం లేదు. లాక్‌డౌన్‌లో గడప దాటితే పోలీసులు లాఠీలు ఎత్తారు, చట్టమేమో రోజుకోసారి గేటు దగ్గర కనబడమంటోంది. నాకు ఈ సెక్షన్ చదివినప్పుడల్లా ఆ రోజుల్లో ఖాళీగా పడి ఉన్న పారిశ్రామికవాడల గేట్లే గుర్తుకొస్తాయి.

ఆ ఖాళీలోకే 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఆదేశం వచ్చింది. ముందు రోజు ఢిల్లీ ఆనంద్ విహార్ బస్టాండు దగ్గర వేలమంది వలస కూలీలు గుమిగూడిన దృశ్యం దేశమంతా చూసింది. పరిశ్రమలైనా, దుకాణాలైనా యజమానులందరూ మూతపడిన కాలానికి ఏ కోతా లేకుండా, గడువు తేదీకే, పనిచోటే జీతాలు చెల్లించాలని ఆ ఆదేశం చెప్పింది. కూలీల దగ్గర ఇంటి యజమానులు నెల అద్దె అడగకూడదనీ అంది. దీనికి ఆధారం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. ఒడిశా పెనుతుపాను, భుజ్ భూకంపం, సునామీ తర్వాత పుట్టిన చట్టమది. ఆదేశం పాటించకపోతే ఏడాది వరకు జైలు. నీళ్లు, బియ్యం, టార్పాలిన్లు చేరవేయడానికి రాసుకున్న చట్టంతో జీతాల బిల్లు నడిపించబోయారు.

కూలీల ఆకలి దృష్ట్యా ఆ ఆదేశం ఉద్దేశాన్ని నేను తప్పు పట్టలేను. కానీ అది చెప్పిన మాటకూ, దాని వెనక నిలబడిన డబ్బుకూ పొంతన లేదు. బ్రిటన్ ఇంటికి పంపిన ఉద్యోగుల జీతంలో 80 శాతాన్ని, ఒక పరిమితి మేరకు, ఖజానా నుంచి ఇచ్చింది. ఇక్కడ కేంద్రం నేరుగా మోసిన భారం పీఎఫ్ వాటా: వంద మంది లోపు సిబ్బంది ఉండి, వాళ్లలో 90 శాతం మంది నెలకు 15 వేల లోపు జీతగాళ్లయితే, ఇరువైపుల వాటా 24 శాతం ప్రభుత్వమే కట్టింది. పీఎఫ్ ఖాతాయే లేని శుభలేఖల ప్రెస్సుకు అదీ లేదు.

తెలుగువాళ్లం మరిచిపోకూడని సంగతి ఇక్కడే ఉంది. ప్రైవేటు యజమానులను ఒక్క రూపాయి కోయవద్దన్న మరుసటి రోజు, మార్చి 30న, తెలంగాణ ప్రభుత్వం తన ఉద్యోగుల్లో అధిక సంఖ్యాకుల జీతాల్లో సగం ఆపింది. 31న ఆంధ్రప్రదేశ్ జీవో ఇచ్చి అదే చేసింది. నాలుగో తరగతి ఉద్యోగులకు పది శాతం, మిగతావారిలో ఎక్కువమందికి సగం. రెండు చోట్లా పింఛన్లూ తప్పించుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక విశ్రాంత జిల్లా జడ్జి హైకోర్టుకు వెళ్లారు. ఆగిన జీతాలు, పింఛన్లు 12 శాతం వడ్డీతో చెల్లించమని హైకోర్టు 2020 ఆగస్టులో తీర్పిచ్చింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది కానీ, చేసిన సేవకు జీతం పొందడం ఉద్యోగి హక్కన్న సంగతిని తగ్గించలేదు. తెలంగాణ వేరే దారి పట్టింది. విపత్తు కాలంలో జీతాలు, పింఛన్లలో సగం వరకు వాయిదా వేయడానికి వీలు కల్పిస్తూ జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చుకుంది. తన ఖజానా ఖాళీ అయినప్పుడు చట్టం మార్చుకునే వీలు ప్రభుత్వానికి ఉంది. ప్రెస్సు యజమానికి ఆ వీలు ఎక్కడిది?

ప్రైవేటు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఫికస్ పాక్స్ అనే కంపెనీ పేరుతో ఆ కేసు గుర్తుండిపోయింది. రాబడి లేనప్పుడు పూర్తి జీతం ఎలా ఇవ్వగలం, ఇంకొకరి డబ్బు ఖర్చుపెట్టమనే అధికారం విపత్తు చట్టంలో ఎక్కడుంది అన్నది వాళ్ల వాదన. తీర్పు రాకముందే, మే 18 నుంచి, కేంద్రం ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకుంది. జూన్ 12న జస్టిస్ అశోక్ భూషణ్ ధర్మాసనం మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. యజమానులపై బలవంతపు చర్యలు వద్దు. ఆ యాభై రోజుల జీతం గురించి కార్మికులతో మాట్లాడుకుని రాజీకి రావచ్చు, కార్మిక శాఖ సాయం తీసుకోవచ్చు. ఆదేశం చట్టప్రకారం చెల్లుతుందా లేదా అన్నది మాత్రం ఆ రోజు తేల్చలేదు.

మాట్లాడుకోమనడం వినడానికి బాగుంటుంది. మాట్లాడుకోవడానికి ఇద్దరూ ఒకచోట ఉండాలి కదా. గుజరాత్‌లోని వేరావల్‌లో పడవల మీద చిక్కుకుపోయిన వేలాది ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఏప్రిల్ చివర్లో గానీ బస్సులెక్కి ఇళ్ల దారి పట్టలేదు. జూన్ నాటికి ఊరు చేరిన వలస కూలీ ఏ మేస్త్రీతో, ఏ కాంట్రాక్టరుతో కూర్చుని బేరమాడగలడు?

మిగతా కోర్టుల మాటలూ ఒక దారిలో సాగలేదు. తుళజాపూర్ తుళజాభవాని ఆలయ కాంట్రాక్టు కార్మికుల కేసులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, పని లేకపోతే జీతం లేదన్న సూత్రం ఇలాంటి అసాధారణ రోజులకు వర్తించదంది. ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లో అద్దె దుకాణం నడిపేవారి కేసులో, లాక్‌డౌన్ అన్న ఒక్క కారణంతో అద్దె ఆగదని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఈ రెండూ ఒకే వ్యాపారి మీద పడితే? జీతమూ ఇవ్వాలి, అద్దే కట్టాలి, అమ్మకం మాత్రం లేదు.

గుజరాత్ ప్రభుత్వం మరో అడుగు వేసింది. ఫ్యాక్టరీల చట్టంలోని ‘ప్రజా అత్యవసర పరిస్థితి’ సెక్షన్‌ను వాడుకుని ఏప్రిల్ 17న రోజుకు 12 గంటల పనికి అనుమతిచ్చింది, అదనపు గంటలకు రెట్టింపు బదులు మామూలు రేటే ఇవ్వొచ్చంది. ఆ సెక్షన్ ఉన్నది యుద్ధం, బయటి దాడి, అంతర్గత కల్లోలం వల్ల దేశ భద్రతకు ముప్పు వచ్చినప్పటి కోసం. అక్టోబరు 1న జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం ఆ నోటిఫికేషన్లను కొట్టివేసి, ఓవర్‌టైమ్ రెట్టింపు రేటునే చెల్లించమంది. మహమ్మారి భారాన్ని కార్మికుడి వీపుకెత్తడం కుదరదని ఆ ఏడాది గట్టిగా పలికిన తీర్పు ఇదే.

అంతకు కొద్ది రోజుల ముందే, 2020 సెప్టెంబరులో, పార్లమెంటు మూడు కొత్త కార్మిక కోడ్‌లను ఆమోదించింది. అంతకుముందటి వేతనాల కోడ్‌తో కలిపి అవి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. సామాజిక భద్రత కోడ్‌లో మహమ్మారి అన్న మాట చేరింది. అలాంటి సమయంలో పీఎఫ్, ఈఎస్ఐ వాటాలను మూడు నెలల వరకు వాయిదా వేయడానికి, తగ్గించడానికి కేంద్రానికి అధికారమిచ్చారు. లే-ఆఫ్‌కు ముందస్తు అనుమతి తీసుకోవాల్సిన పరిమితిని వంద మంది నుంచి మూడు వందలకు పెంచారు. పరిహారం అదే సగం, యాభై మంది గీతా అదే. లే-ఆఫ్‌లో ఉన్న కార్మికుడు రోజుకు ఒక్కసారైనా పనిచోటుకు వచ్చి కనబడాలన్న షరతు పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అలాగే ఉంది.