గోధుమరంగు కాగితమంతా పాతది కాదు

"అన్నా, ఎలా రంగు తిరిగిందో చూడు, అంచులు పట్టుకుంటేనే రాలుతున్నాయి. ఒరిజినలే కదా?" అమెరికా పశ్చిమ సరిహద్దు వీరులు, దొంగల వార్తలున్న పాత పేపర్లు సేకరించే మనవాళ్ళ దగ్గర్నుంచి నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. ఈ రంగంలో జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ ఒక్క నమ్మకం వల్లే.

1860ల దాకా అక్కడి పేపర్లు ఎక్కువగా గుడ్డపీలికల గుజ్జుతో చేసిన కాగితం మీద అచ్చయ్యేవి. అందుకే 1836లో టెక్సస్‌లోని అలమో కోట పోరులో సరిహద్దు వీరుడు డేవీ క్రాకెట్ చనిపోయిన వార్త ఉన్న పేపరు ఇవాళ్టికీ మెత్తగా, తెల్లగా ఉండొచ్చు. తర్వాత చెక్క గుజ్జు వచ్చింది. అది త్వరగా పెళుసవుతుంది. 1882 ఏప్రిల్ 3న బ్యాంకులు, రైళ్ళు దోచిన దొంగ జెస్సీ జేమ్స్ హత్య జరిగింది, ఆ వార్త ఉన్న పేపర్లు చాలావరకు అలాగే దొరుకుతాయి. వయసులో 46 ఏళ్ళు చిన్నదే ముసలిదానిలా కనిపిస్తుందన్నమాట. చౌక న్యూస్‌ప్రింట్ మీద వేసిన పాత రీప్రింట్లు కూడా అంతే. వాటి రంగు నిజమే, పైనున్న తేదీయే కాదు.

మిస్సోరీలో పనిచేసే ఒక తమ్ముడు గుంటూరులో ఉన్న నాన్నగారి కోసం ఫ్రేము కట్టిన జెస్సీ జేమ్స్ పేపరు 400 డాలర్లకు కొన్నాడు. వెనక అట్ట విప్పి చూస్తే రెండో వైపు ఖాళీ! పేపరన్నాక రెండు వైపులా అచ్చు ఉండాలి కదా. అతని ముఖం చూడలేకపోయాను. తప్పు అతనిది కాదు, అట్ట అతికించేస్తే ఎవరికి తెలుస్తుంది? డబ్బు ఇచ్చే ముందే ఫ్రేము విప్పించండి. లైటు ఏటవాలుగా వేసి అక్షరాల ఒత్తుడు కాగితం మీద కనిపిస్తోందా చూడండి. తర్వాత వచ్చిన ఆఫ్‌సెట్ అచ్చులో అక్షరాలు కాగితాన్ని నొక్కవు కాబట్టి ఆ గుంట ఉండదు.

మిగతావి చిన్నవి. లామినేషన్ కాపాడుతుందనేది పుకారు, దయచేసి చేయించకండి. లైబ్రరీ ముద్ర ఉంటే దొంగ సొత్తనీ భయపడక్కర్లేదు, మైక్రోఫిల్మ్ తీశాక లైబ్రరీలే పేపర్లు కలిపి కుట్టిన సంపుటాలు చాలా వదిలించుకున్నాయి. ఇక తేదీలు: అమెరికా సైన్యాధికారి కస్టర్ యుద్ధంలో చనిపోయింది 1876 జూన్ 25న, అక్కడి బిస్మార్క్ ట్రిబ్యూన్ పత్రిక ఆ వార్త వేసింది జూలై 6న. కస్టర్ చనిపోయిన మర్నాటి తేదీతో ఎవరైనా ఆ వార్త అమ్మజూపితే లేచి వచ్చేయండి.

రెండు నెలల తర్వాత ఆ తమ్ముడికి జెస్సీ హత్య జరిగిన వారం నాటి అమెరికా తూర్పు నగరం పేపరు, అసలుది, ఒకటి దొరికింది. జెస్సీ వార్త ఒక్క కాలమ్‌లోనే, ఎడమ అంచున బైండింగ్ కుట్టు రంధ్రాలు. నాన్నగారు భూతద్దం పెట్టుకుని పక్కనున్న మందుల ప్రకటనలు కూడా చదివారట.