గుద్దింది మన కారే... అయితే ఇంకేమీ రాదా?

రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు చూసే లాయర్ని నేను. విజయవాడ హైవే మీద కారు వెళ్లి ముందున్న లారీని గుద్దిన కేసు వచ్చిందంటే, వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోకముందే ఒక మాట వింటాను. "తప్పు మాదే కదండీ, మాకేం వస్తుంది?" వాళ్లకు ఈ తీర్పు ఎవరిచ్చారని అడిగితే మేనమామ అంటారు, పక్కింటాయన అంటారు, స్టేషన్ బయట టీకొట్టు దగ్గర ఎవరో అన్నారంటారు. జడ్జి మాత్రం అందులో ఉండడు.

ఆ మధ్య ఒకావిడ వాకర్ పట్టుకుని వచ్చింది. వెనకాల తమ్ముడు, అతని చేతిలో ఎక్స్‌రేల సంచి. సంక్రాంతికి ఊరెళ్తుంటే సూర్యాపేట దాటాక, తెల్లారకముందే, ఆగి ఉన్న లారీని గుద్దారు. బండి నడిపింది భర్త. ఈవిడ ముందు సీట్లో ఉంది, తొడ ఎముక విరిగితే రాడ్ వేశారు. లారీ డ్రైవర్ వెళ్లి కంప్లయింట్ ఇచ్చాడు, ఎఫ్‌ఐఆర్ భర్త మీద అయింది. "మా ఆయన మీదే కేసయింది సార్. ఇంక మేం ఎవరి మీద వేస్తాం?"

ఆవిడ వచ్చింది జూన్ నెలాఖరున. ప్రమాదం జరిగి ఐదున్నర నెలలు. 2022 ఏప్రిల్ 1 నుంచి, పరిహారం అడుగుతూ వేసే క్లెయిమ్ పిటిషన్‌కు ఆరు నెలల గడువు మళ్లీ వచ్చింది. అది చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కానీ, ఆ ధీమాతో ఇంట్లో కూర్చోకండి. ఎవరో ఏమీ రాదన్నారని ఆవిడ ఐదున్నర నెలలు పోగొట్టుకుంది. నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ముందు బండి ఉన్నట్టుండి ఆగినా తగలనంత దూరంలో వెనక బండి ఉండాలి. ఈ నిబంధన ఉన్న మాట నిజమే, ఇన్సూరెన్స్ లాయర్లు మొదట ఎత్తేదీ ఇదే. అయితే కారణం లేకుండా సడన్ బ్రేక్ వేయకూడదన్నదీ నిబంధనే. రోడ్డు మీద ప్రమాదం కలిగేలా బండి ఆపి వదిలేయకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. కోయంబత్తూరు దగ్గర ఒక కారాయన హైవే మీద సడన్ బ్రేక్ వేశాడు. వెనకొస్తున్న బైకు కుర్రాడు కారుకు తగిలి పడ్డాడు, బస్సు కాలు మీదుగా పోయింది. భార్యకు వాంతి వచ్చేలా ఉంటే ఆపానన్నాడు కారాయన. 2025లో సుప్రీంకోర్టు తప్పులో 50 శాతం కారుకు, 30 శాతం బస్సుకు, 20 శాతం కుర్రాడికి వేసింది. గుద్దింది కుర్రాడే, చూడండి.

మరి కారులో ఊరికే కూర్చున్నవాళ్ల సంగతి? స్టీరింగ్ వాళ్ల చేతిలో లేదు. రాత్రిపూట లైట్లు లేకుండా నడిరోడ్డు మీద వదిలేసిన ట్రైలర్‌ను కారు గుద్దిన కేసులో, డ్రైవర్ తప్పును పక్కన కూర్చున్నవాళ్లకు అంటగట్టడం కుదరదని 2024లో సుప్రీంకోర్టు తేల్చేసింది. రెండు బండ్లదీ తప్పుంటే, పరిహారం మొత్తం ఏ బండి వైపు నుంచైనా అడగొచ్చు. వాటాలు వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. ఒకవేళ తప్పంతా కారుదే అని తేలినా, కారుకు ప్యాకేజీ పాలసీ, అంటే సొంత బండికీ ఎదుటివాళ్లకూ కలిపి తీసుకునే ఇన్సూరెన్స్, ఉంటే లోపలున్నవాళ్లకు కవర్ ఉంటుంది. ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే వర్తించే ఉత్త థర్డ్ పార్టీ అయితే కష్టం. అందుకే పాలసీ కాగితం తెచ్చారా అని ముందు అడుగుతాను.

ఎఫ్‌ఐఆర్‌లో ఎవరి పేరుందో అదే ఆఖరు మాట అనుకోవద్దు. ఈ పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్ తప్పెవరిదో విడిగా చూస్తుంది. పంచనామా, రఫ్ స్కెచ్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, ఫొటోలు. ఆవిడ తమ్ముడు ఆ రోజు ఆస్పత్రికి వెళ్తూ లారీ వెనక భాగం ఫోన్లో తీశాడట, ఎందుకు తీశాడో అతనికే తెలియదు. జూమ్ చేసి చూశాను. రేడియం స్టిక్కర్ ఒక్కటీ లేదు, నంబర్ ప్లేటు మీద ఎండిన బురద. వెనక ఒక రాయి లేదు, చెట్టుకొమ్మ లేదు. లారీ సగం తారు మీద ఉంది. ఆ ఫొటోను వాట్సాప్‌లో పంపకుండా, ఫోన్లోంచి తీసేయకుండా ఉంచమని రెండుసార్లు చెప్పాను.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. కేసు ప్రమాదం జరిగిన ఊళ్లోనే వేయాలంటారు. అక్కర్లేదు, మీరుండే చోటి ట్రిబ్యునల్‌లో వేయొచ్చు. పాపం లారీ డ్రైవర్ ఎక్కణ్నుంచి కడతాడంటారు. ఇన్సూరెన్స్ ఉంటే కట్టేది కంపెనీ. మెడికల్ బిల్లులే వస్తాయనుకుంటారు. పోయిన జీతం, మిగిలిపోయిన వైకల్యం, పడిన నొప్పి, అన్నిటికీ లెక్క ఉంది. డ్రైవింగ్ చేసిన ఓనర్‌కు మాత్రం తన పాలసీ మీద థర్డ్ పార్టీ క్లెయిమ్ ఉండదు, అతను లారీ వైపు తప్పు ఎంతుంటే అంత మేరకు అడగాలి.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతాను. పోలీసుల గొడవ ఎందుకని ఆస్పత్రిలో "బాత్రూమ్‌లో జారిపడ్డాను" అనకండి. ఆ ఒక్క లైను కేస్ షీట్‌లో పడితే, రెండేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీకే చదివి వినిపిస్తారు. భయపడి అలా అన్నవాళ్లను నేను తిట్టలేను, కానీ ఆ లైను చెరపడం నా వల్ల కాదు.

పిటిషన్ రాస్తుంటే ఆవిడ అడిగింది, "అయితే మా ఆయన పేరు కూడా ఎదుటివాళ్లలో రాస్తారా? ఇంట్లో అత్తగారికి ఏమని చెప్పను?" కాగితం మీదే అమ్మా, కట్టేది కంపెనీ, ఆయన పేరు లేకపోతే ఆ కంపెనీని పిలవడం కుదరదు అన్నాను. కాసేపు ఆలోచించింది.

"ఎన్నో నంబరు?"

లారీ ఓనర్ ఒకటి, వాళ్ల కంపెనీ రెండు, మీ ఆయన మూడు అన్నాను.

"మూడే కదా, పర్లేదు" అని సంతకం పెట్టింది.