పుచ్చిపన్ను గురించి పెద్దమ్మ ఉత్తరం

నానీ, చిట్టీ,

నాని దవడ పన్ను పుచ్చిందనీ, డాక్టరు పేరెత్తితే చాలు మంచం కింద దూరుతున్నాడనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పన్ను తొలిచే ఆ మిషన్ చప్పుడుకే కదరా భయం? ఇన్నేళ్లూ ఈ చెన్నైలోనే పిల్లల పళ్లు చూసినదాన్ని కాబట్టి చెబుతున్నా, పుచ్చు తీయడానికి ఇప్పుడు మిషన్ ఒక్కటే దారి కాదు, పుచ్చంతా తవ్విపారేయాలన్న నియమమూ లేదు.

మేం చదువుకునే రోజుల్లో గట్టి పన్ను తగిలేదాకా గీకమనేవాళ్లు. పుచ్చు లోతుగా ఉన్నప్పుడు అలా గీకుతూ పోతే నరం బయటపడేది, పిల్లల పళ్లలో నరం ఉండే గది పెద్దది కాబట్టి ఇంకా తొందరగా. ఇప్పుడు అంచుల చుట్టూ మాత్రం శుభ్రంగా తీసేసి, నరానికి దగ్గరగా అడుగున కాస్త మెత్తటి పొర ఉంచేసి, పైన ఫిల్లింగ్‌తో గట్టిగా మూసేస్తారు. లోపల మిగిలిన క్రిములకు తీపి అందదు కాబట్టి పుచ్చు అక్కడితో ఆగిపోతుంది, పన్ను కూడా నరం వైపు కొత్తగా గట్టి పొర కట్టుకుంటుంది. పుచ్చు లోపలే వదిలేశారేంటని మీ అమ్మ కంగారు పడితే ఈ ముక్క చదివి వినిపించండి.

లోతు తక్కువైతే చిన్న చెంచాలాంటి చేతి పరికరంతోనే తీసేయొచ్చు. మెత్తబడిన పుచ్చు గోధుమరంగులో, తడిసిన చెక్కపొట్టులా పొరలు పొరలుగా లేచి వస్తుంది, చాలాసార్లు ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. ఆ గుంటలో గ్లాస్ అయానమర్ అనే పళ్ల సిమెంటు నింపుతారు. 1980ల్లో టాంజానియాలో, కరెంటు లేని చోట్ల కూడా వైద్యం అందాలని మొదలుపెట్టిన పద్ధతి ఇది. బొప్పాయిలో ఉండే పపైన్ అనే ఎంజైముతో చేసిన జెల్ కూడా ఉంది, అది పుచ్చును మెత్తబరుస్తుంది, మంచి పన్ను జోలికి పోదు, కాకపోతే టైం ఎక్కువ పడుతుంది.

నానిది పాల దవడ పన్నే కాబట్టి అసలేమీ గీకకుండా స్టీలు క్యాప్ తొడిగేసే పద్ధతి గురించి కూడా డాక్టరుని అడగండి. స్కాట్లండ్‌లో హాల్ అనే డాక్టరమ్మ చేసి చూపించింది. తొడిగాక కొన్ని రోజులు నమిలేటప్పుడు ఎత్తుగా అనిపిస్తుంది, తర్వాత అదే సర్దుకుంటుంది. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్క రాస్తే కూడా పుచ్చు ఆగొచ్చు, కానీ పుచ్చిన చోటు నల్లగా మారిపోతుంది, అందుకే ముందు పళ్లకు చాలామంది ఒప్పుకోరు.

ఇవన్నీ నరం బాగున్నంతవరకే. రాత్రి నిద్రలోంచి లేపేంత నొప్పి వచ్చినా, చిగురు మీద చీము పొక్కు లేచినా నరానికి వైద్యం చేయాలి, లేదా పన్ను తీసేయాలి. ఊడిపోయే పన్నేగా అని వదిలేస్తే కింద పెరుగుతున్న శాశ్వత పన్ను కూడా దెబ్బతినొచ్చు.

చిట్టీ, నీ పళ్లు ఇక ఊడి మళ్లీ వచ్చేవి కావు. దవడ పళ్ల గాడుల్లో నల్లగీత కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగకు, వెళ్లి చూపించు.

క్రోంపేటలో లోకల్ ఎక్కి ఫోర్ట్ స్టేషన్లో దిగితే ప్రభుత్వ దంత వైద్య కళాశాల దగ్గరే, పిల్లల పళ్లకు అక్కడ వేరే విభాగం ఉంది. ఈ వారంలోనే వెళ్లండి. డాక్టరు ఏ పద్ధతి చేద్దామన్నారో, ఎందుకన్నారో ఇద్దరూ నాకు రాయండి.

మీ పెద్దమ్మ